గేటు బయట అడిగే మాట

2019 నవంబరు 26, మంగళవారం. తెల్లవారుజామునే తెలంగాణలోని ఆర్టీసీ డిపోల దగ్గరికి డ్రైవర్లు, కండక్టర్లు డ్యూటీ కోసం వచ్చారు. అక్టోబరు 5న మొదలై 52 రోజులు నడిచిన సమ్మెను ముందురోజే కార్మిక సంఘాల జేఏసీ విరమించింది. పనిలో చేరదామని వస్తే గేట్ల దగ్గర పోలీసులు ఆపేశారు. మీరు విరమించామంటే సరిపోదు, చేర్చుకోవాలో వద్దో మేం తేల్చాలి అన్నది యాజమాన్యం మాట. మహిళా కండక్టర్లు గేట్ల ముందు ఏడుస్తూ వేడుకోవడం ఆ రోజు టీవీల్లో అందరం చూశాం. లోపల మాత్రం, వీళ్లు ఏళ్ల తరబడి నడిపిన బస్సులనే తాత్కాలిక డ్రైవర్లు బయటికి తీస్తున్నారు.

నిన్నటిదాకా అదే గేటు ముందు నిలబడి, లోపలికి పోయేవాళ్లను పోవద్దని అడిగింది వీళ్లే. ఒక్క రాత్రి గడిచేసరికి, తమను లోపలికి పోనివ్వమని అడగాల్సి వచ్చింది.

ఆ గేటు గురించి ఈ వేళ మాట్లాడుకుందాం. సమ్మె అంటే పని ఆపడం. అది చిన్నపిల్లలకు కూడా తెలుసు. మరి పని ఆపినవాళ్లు ఇంటిపట్టున ఉండకుండా పొద్దున్నే వచ్చి, ఎండనక వాననక ఆ గేటు ముందు నిలబడటం దేనికి? దాన్ని ధర్నా అంటాం, శిబిరం అంటాం, పికెటింగ్ అంటాం. రోడ్డు మీద పోతూ టెంటు, జెండాలు, మైకు కనబడగానే 'మళ్లీ ఏదో గొడవ' అనుకుని పక్కసందులోంచి బండి పోనిస్తాం. అసలు ఆ టెంటు వేసింది మనకోసమే.

ఎలాగంటారా? యాజమాన్యంతో చెప్పాల్సింది సమ్మె నోటీసులోనే చెప్పేశారు. తోటి కార్మికులతో మాట్లాడాల్సింది గేటు మీటింగుల్లో మాట్లాడుకున్నారు. ఇక మిగిలింది మూడో మనిషి. ఒకరు వదిలేసిన పనిని ఇంకొకరు అందుకుంటే, సమ్మె చేసినవాడు ఊరికే జీతం పోగొట్టుకున్నవాడవుతాడు. ఆ ఇంకొకరు ఎవరైనా కావచ్చు. ఉద్యోగం లేక తిరుగుతున్న కుర్రాడు కావచ్చు, సరుకు దించడానికి వచ్చిన లారీ డ్రైవరు కావచ్చు, టికెట్టు కొనుక్కుని ఎక్కే ప్రయాణికుడు కావచ్చు. అతణ్ని ముఖాముఖి చూసి, 'అన్నా, మా సంగతి విని అప్పుడు వెళ్లు' అని అడగడానికే అక్కడ నిలబడతారు. సమ్మె గెలిచేదీ ఓడేదీ చాలాసార్లు ఆ మూడో మనిషి చెప్పే జవాబును బట్టే.

ఇది బాగా అర్థం కావాలంటే నాకు తెలిసిన ఉదాహరణల్లో అన్నిటికన్నా గట్టిది లండనులో జరిగింది. జరిపినవాళ్లు మాత్రం మనవాళ్లు, చీరలు కట్టుకున్న ఆడవాళ్లు.

లండనులో వాయవ్యంగా విల్స్‌డెన్ అనే పేట ఉంది. 1970లలో అక్కడ గ్రన్‌విక్ అనే కంపెనీ ఫొటో రీళ్లు కడిగేది. ఫోనులోనే ఫొటో చూసుకునే ఈనాటి పిల్లలకు ఒక మాట చెప్పాలి. అప్పట్లో ఫొటోలు తీశాక ఆ రీలును కడిగించి, ప్రింట్లు వేయించుకోవాలి. సెలవులకు వెళ్లొచ్చిన జనం తమ రీలును, చెక్కును కవరులో పెట్టి గ్రన్‌విక్‌కు పోస్టు చేసేవాళ్లు. కంపెనీ ప్రింట్లు వేసి తిరిగి పోస్టులోనే పంపేది. వ్యాపారం ప్రాణం పోస్టు సంచుల్లో ఉంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

పనిచేసేవాళ్లలో ఎక్కువమంది భారత సంతతివాళ్లు. వీళ్లలో చాలామంది కెన్యా, ఉగాండా, టాంజానియాల నుంచి వచ్చిన గుజరాతీ కుటుంబాల ఆడవాళ్లు. ఆఫ్రికాలో కాస్త కలిగిన ఇళ్లలో బతికినవాళ్లు, ఇక్కడికొచ్చి కవర్లు విప్పే పనిలో కుదిరారు. వారానికి దాదాపు 28 పౌండ్ల జీతం. అప్పట్లో ఆ దేశపు సగటు 72 పౌండ్లు. వేసవి రాగానే ఫొటోల పని ముమ్మరమవుతుంది, ఓవర్‌టైము తప్పనిసరి. ఇంటికి బయల్దేరే వేళకు వచ్చి 'ఈ రోజు ఉండాలి' అనేవారు. ఇంటి దగ్గర పిల్లలున్నారంటే వినేవారు కాదు. గ్లాసు గదిలో కూర్చున్న మేనేజరు వీళ్లను కనిపెట్టి చూస్తూ ఉండేవాడు. మరుగుదొడ్డికి పోవాలంటే బడిపిల్లల్లాగా చెయ్యెత్తి అడగాలి. జీతం తక్కువని వాళ్లెవరూ మొదట బయటికి రాలేదు. ఆ చెయ్యెత్తడమే వాళ్లను ఎక్కువ బాధపెట్టిందని తరవాత వాళ్లు చెప్పిన మాటలు చదివితే అర్థమవుతుంది.

1976 ఆగస్టు 20, శుక్రవారం. ఆ ఏడు ఇంగ్లండులో ఎన్నడూ ఎరగనంత ఎండలు. పని నెమ్మదిగా చేస్తున్నాడని ఒక కుర్రవాణ్ని తీసేశారు. అతని వెంట ముగ్గురు బయటికి వచ్చేశారు. అదే సాయంత్రం జయాబెన్ దేశాయి అనే ఆవిడ ఇంటికి వెళ్లడానికి సర్దుకుంటుంటే ఓవర్‌టైముకు ఉండమన్నారు. ఆవిడకు 43 ఏళ్లు, అయిదడుగులు కూడా ఉండదు. మాటకు మాట పెరిగింది. మీరు నడుపుతున్నది కర్మాగారం కాదు, జంతుప్రదర్శనశాల. అందులో మీ చెప్పుచేతల్లో ఆడే కోతులే కాదు, తలలు కొరికే సింహాలు కూడా ఉంటాయి, ఆ సింహాలం మేమే అని మేనేజరు మొహానే చెప్పి, అక్కడే పనిచేస్తున్న కొడుకును వెంటబెట్టుకుని బయటికి నడిచింది.

సోమవారం పొద్దున అట్టముక్కల మీద రాసిన బోర్డులు పట్టుకుని గేటు ముందు నిలబడ్డారు. వీళ్లకు అప్పటికి సంఘం కూడా లేదు. అడిగి తెలుసుకుని ఎపెక్స్ అనే యూనియన్లో చేరారు. కొద్దిరోజుల్లో సమ్మెలో ఉన్నవాళ్లు 137 మంది అయ్యారు. కంపెనీ అందరినీ ఉద్యోగాల నుంచి తీసేసింది. లోపల పని చేస్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లలోనూ మన ఆడవాళ్లు ఉన్నారు. రోజూ కంపెనీ బస్సు వాళ్లను ఎక్కించుకుని ఈ బోర్డుల ముందునుంచే లోపలికి పోయేది. ఒకే వీధిలో ఉండేవాళ్లు, ఒకే గుడికి పోయేవాళ్లు అద్దంలోంచి ఒకరినొకరు చూసుకున్న ఆ క్షణాలను ఊహించుకుంటే గుండె బరువెక్కుతుంది.

ఇప్పుడు పోస్టు సంచుల సంగతికి వద్దాం. గ్రన్‌విక్ ఉత్తరాలన్నీ పక్కనే ఉన్న క్రికిల్‌వుడ్ పోస్టాఫీసు మీదుగా పోవాలి. ఆ పోస్టుమన్లకు ఈ ఆడవాళ్లతో చుట్టరికం లేదు, భాష తెలియదు, తమ జీతంలో పెన్నీ కూడా పెరగదు. అయినా 1976 నవంబరులో ఆ కంపెనీ ఉత్తరాలు ముట్టుకోబోమని నిలబడ్డారు. వ్యాపారం ఒక్కసారిగా గిలగిల్లాడింది. రెండు నెలలకు పైగా గేటు ముందు నిలబడినా కదలని కంపెనీ నాలుగు రోజుల్లో కదిలింది. యజమాని తరఫున ఒక సంస్థ కోర్టుకు వెళ్లింది. ఉత్తరాలు ఆపడం నేరమని చట్టం ఉంది, మాట్లాడుకుందామని కంపెనీ నుంచి సూచన వచ్చింది, పోస్టుమన్ల సంఘం వెనక్కి తగ్గింది. తరవాత మాటలూ లేవు, పరిష్కారమూ లేదు.

1977 జూనులో క్రికిల్‌వుడ్ పోస్టుమన్లు రెండోసారి నిలబడ్డారు. ఈసారి తమ పైసంఘం వద్దన్నా వినలేదు. వాళ్లను విధుల నుంచి పక్కన పెట్టారు, జీతాలు పోయాయి. వాళ్ల బలం ఎంతో అవతలివాళ్లకూ తెలుసు. అందుకే జూలైలో ఒక రాత్రి యజమాని మద్దతుదారులు కంపెనీ సరుకంతా లారీల్లో ఎత్తించి, స్టాంపులు అంటించి, దూరదూరపు ఊళ్ల పోస్టుడబ్బాల్లో వేయించారు. క్రికిల్‌వుడ్‌ను తప్పించుకుపోవడానికి అంత ప్రయాస పడ్డారు.

ఆ వేసవిలోనే గేటు ముందుకు వేలమంది తరలివచ్చారు. గని కార్మికుల నాయకుడు ఆర్థర్ స్కార్గిల్ వెంట యార్క్‌షైర్ బొగ్గుగని కార్మికులు వచ్చారు. జూలై 11న దాదాపు 20 వేలమంది. లండను రేవు కార్మికులు తమ సంఘం జెండాతో వచ్చారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. తొమ్మిదేళ్ల కిందట, 1968లో, వలసవచ్చినవాళ్లకు వ్యతిరేకంగా ఈనక్ పావెల్ అనే పార్లమెంటు సభ్యుడు విషం కక్కిన ప్రసంగం చేస్తే, ఆయనకు మద్దతుగా పార్లమెంటు దాకా ఊరేగింది ఈ లండను రేవు కార్మికులే. అదే రేవుల జెండా ఇప్పుడు చీరలు కట్టుకున్న ఆడవాళ్ల వెనక నడిచింది. నా మట్టుకు గ్రన్‌విక్ కథలో ఇంతకన్నా పెద్ద గెలుపు లేదు. ఒక మనిషి ఇంకొక మనిషి గురించి ఏమనుకుంటున్నాడో మార్చడానికి పుస్తకాలు, ఉపన్యాసాలు ఎన్నో పడతాయి. అక్కడ ఆ పని, ఏడాదిపాటు చలిలో నిలబడ్డ కొందరు ఆడవాళ్లను చూడటంతోనే జరిగింది.

అయితే జనం పెరిగినకొద్దీ తోపులాటలూ పెరిగాయి. పోలీసులు వందలమందిని అరెస్టు చేశారు. జూను 23న ఒక కానిస్టేబుల్ తలకు సీసా దెబ్బ తగిలి, నెత్తురు మడుగులో పడి ఉన్న ఫొటో మర్నాడు పత్రికల మొదటి పేజీలకెక్కింది. ఆ ఒక్క ఫొటోతో అప్పటిదాకా ఆ ఆడవాళ్లు ఓపికగా నిలబడ్డ రోజులన్నీ చాలామంది కళ్లకు కనబడకుండా పోయాయి. సీసా విసిరినవాడు ఎవడో గానీ, యజమాని చేయలేని పని చేసిపెట్టాడు. అడగడానికి నిలబడ్డ చోట అడ్డుకోవడం మొదలైతే, మూడో మనిషికి జవాబు చెప్పే అవసరమే పోతుంది. బెదిరిపోయి ఆగినవాడు మన పక్షాన నిలిచినట్టు కాదు. రేపు బెదిరింపు తీసేస్తే వాడు మామూలుగా గేటు దాటిపోతాడు.

ఆ సమ్మె ఓడిపోయింది. ప్రభుత్వం వేసిన లార్డ్ స్కార్మన్ విచారణ సంఘం, వాళ్లను తిరిగి పనిలోకి తీసుకోవాలని 1977 ఆగస్టులో చెప్పింది. యజమాని ఒప్పుకోలేదు. పైకోర్టు తీర్పు డిసెంబరులో యజమానికి అనుకూలంగా వచ్చింది. పెద్ద సంఘాలు మెల్లగా చేతులు దులుపుకుంటుంటే, నవంబరులో జయాబెన్ మరికొందరితో కలిసి ఆ దేశపు కార్మిక సంఘాల మహాసంఘం ఆఫీసు ముందే నిరాహారదీక్షకు కూర్చుంది. అందుకు సొంత యూనియనే వాళ్ల సభ్యత్వాన్ని నిలిపివేసింది. 1978 జూలైలో, దాదాపు రెండేళ్ల తరవాత, సమ్మె ముగించారు. ఇంకో సంగతి చెప్పకపోతే కథ సగమే. సమ్మె కాలంలో లోపల పనిచేస్తున్నవాళ్లకు కంపెనీ జీతాలు పెంచింది. గేటు బయట నిలబడ్డవాళ్లు తెచ్చిన పెంపు గేటు దాటినవాళ్లకు అందింది. బయటివాళ్లకు ఉద్యోగాలే పోయాయి.

ఆ తరవాత బ్రిటన్ చట్టం మారిన తీరు చూస్తే, గేటు ముందు ఎవరు ముఖ్యమో ప్రభుత్వానికి బాగానే అర్థమైందని తెలుస్తుంది. 1980 చట్టంతో ఎవరి పనిచోటు ముందు వాళ్లే నిలబడాలన్నారు, ఒక గేటుకు ఆరుగురు చాలని నియమావళి రాశారు. 1990 నాటికి, వేరే సంస్థ కార్మికుల కోసం సమ్మె చేసేవాళ్లకు చట్టరక్షణ దాదాపుగా తీసేశారు. అంటే క్రికిల్‌వుడ్ పోస్టుమన్లు చేసిన పని మళ్లీ ఎవరూ చేయకుండా కట్టుదిట్టం చేశారు.

ఈ అడగడానికీ అడ్డుకోవడానికీ మధ్య గీత ఎక్కడ అన్న తగువు మన దేశంలోనూ పాతదే. సహాయ నిరాకరణ రోజుల్లోనూ ఉప్పు సత్యాగ్రహం తరవాతా తెలుగు ఊళ్లలో కల్లు దుకాణాల ముందు, విదేశీ బట్టల కొట్ల ముందు కార్యకర్తలు పికెటింగ్ చేశారు. ఈ పని ఆడవాళ్లు చేయాలని 1930లో గాంధీజీ ప్రత్యేకంగా కోరారు. కోపంతో నిలబడితే కొనేవాడు మొండికేస్తాడు, చేతులు జోడించి నిలబడితే ఆలోచిస్తాడని ఆయన నమ్మకం. 1931 మార్చి 5న గాంధీ ఇర్విన్ ఒప్పందం కుదిరినప్పుడు శాంతియుత పికెటింగుకు అందులో చోటు దక్కింది. బలవంతం, బెదిరింపు, జనం దారికి అడ్డం రావడం ఉండకూడదన్నది షరతు. ఉప్పు మీద, ఖైదీల విడుదల మీద బేరం జరిగిన ఆ కాగితంలో దుకాణం ముందు నిలబడే హక్కు గురించి కూడా పట్టుబట్టారంటే, దానికి ఎంత విలువ ఇచ్చారో చూడండి.

మళ్లీ మన డిపో గేటుకు వద్దాం. ఆర్టీసీ సమ్మెలో దాదాపు 48 వేలమంది కార్మికులు ఉన్నారు. సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయాలన్నది పెద్ద డిమాండు. దసరా ముందు మొదలైంది. ఆ మొదటిరోజే సాయంత్రం ఆరు గంటల్లోగా డ్యూటీకి రానివాళ్లు తమంతట తామే ఉద్యోగం వదులుకున్నట్టేనని ప్రభుత్వం ప్రకటించింది. రోజుకు డ్రైవరుకు 1,500, కండక్టరుకు 1,000 రూపాయలిచ్చి తాత్కాలికంగా మనుషులను పెట్టుకుంది. సమ్మె చేసేవాళ్లకు మాత్రం అప్పటికే పనిచేసిన సెప్టెంబరు నెల జీతం కూడా అందలేదు. ఖమ్మంలో ఒక డ్రైవరు ఒంటికి నిప్పంటించుకుని మర్నాడు చనిపోయాడు. మరికొందరు గుండె ఆగి, మనసు చెదిరి పోయారు. ఆ కుటుంబాల దుఃఖాన్ని లెక్కల్లో చెప్పబుద్ధి కాదు.

డిపోల ముందు వంటావార్పులు చేశారు. ఈ వంటావార్పు మన తెలంగాణ ఉద్యమం 2011 సకలజనుల సమ్మె నాటికే బాగా అలవాటు చేసింది. రోడ్డు పక్కన మూడు రాళ్లు, పైన పెద్ద గిన్నె, ఎవరో తెచ్చిన బియ్యం, ఎవరో ఇచ్చిన కూరగాయలు. కండక్టరమ్మ యూనిఫాం కొంగు బిగించి గరిటె తిప్పుతుంది, డ్రైవరు కట్టెలు ఎగదోస్తాడు. ఉడికింది అక్కడే వరసగా కూర్చుని తింటారు. పైకి తమాషాగా ఉంటుంది. నిజానికి జీతం రాని ఇంట్లో పొయ్యి ఎలా ఉందో దారినపోయేవాళ్లకు తెచ్చి చూపించడమది. ఇంటిగోడల మధ్య సిగ్గుపడాల్సిన లేమిని నలుగురిలో పెట్టి, ఇది నా ఒక్కడి తప్పు కాదని చెప్పడం. వారాల తరబడి జీతం లేని మనిషి ఇంట్లో ఒంటరిగా కూర్చుంటే కుంగిపోతాడు. ఆ టెంటు కింద పదిమందిలో కూర్చుంటే తట్టుకుంటాడు.

తాత్కాలిక డ్రైవరుగా వెళ్లిన కుర్రవాడి సంగతి? అతణ్ని తిట్టడానికి నాకు నోరు రాదు. హెవీ లైసెన్సు చేతిలో పెట్టుకుని పని లేక తిరుగుతున్నవాడికి రోజుకు 1,500 అంటే మాటలు కాదు. ఇంటి దగ్గర పండగ ఉంది, అప్పు ఉంది. కానీ ఒక్కటి మాత్రం అనాలి. తాను కూర్చుంటున్న సీటు ఖాళీది కాదని, దాని తాలూకు మనిషి గేటు బయట నిలబడి ఉన్నాడని అతనికి తెలిసి ఉండాలి. తెలిసీ వెళ్తే అది అతని నిర్ణయం, అందుకు అతనే జవాబుదారీ. తెలియకుండా వెళ్లాను అనే వీలు లేకుండా చేయడమే పికెటింగ్ పని. సమ్మె ముగిశాక ఆ కుర్రవాళ్లను ఎవరు గుర్తుపెట్టుకున్నారు? వాళ్లకూ పర్మనెంటు ఉద్యోగాలేమీ రాలేదు.

ప్రయాణికుల సంగతి ఇంకో రకం. మన కోపం ఎప్పుడూ కళ్లెదుట ఉన్నవాడి మీదకే పోతుంది. బస్సు రాలేదు, ఆటోవాడు మూడింతలు అడిగాడు, అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లలేకపోయాం. కళ్లెదుట కనబడేది టెంటులో కూర్చున్న కండక్టరు. ఆ సమ్మెను నోటీసు ఇచ్చిన రోజునే మాట్లాడి ఆపగలిగినవాళ్లు గేటు దగ్గర ఉండరు. అందుకని ఇబ్బందికి కారణమంతా గేటు దగ్గరివాళ్లే అనిపిస్తుంది. ఆస్పత్రికి పోలేకపోయిన కష్టం చిన్నదని నేను అనను. బీదవాళ్లు ఎక్కే బస్సు ఆగితే ముందు దెబ్బతినేది బీదవాళ్లే. సమ్మె చేసేవాళ్లు ఈ మాట మరిచిపోకూడదు. కానీ నష్టం ఎంత కాలం సాగాలో నిర్ణయించేది ఒక్క పక్షమే కాదని మనమూ మరిచిపోకూడదు.

ఆఖరికి ఏమైంది? డిపోల ముందు ఆ ఏడుపుల తరవాత రెండు రోజులకు, నవంబరు 28న, షరతులేమీ లేకుండా చేరమని ముఖ్యమంత్రి ప్రకటించారు. సమ్మె కాలానికి జీతం ఇస్తామని, పదవీ విరమణ వయసు 60కి పెంచుతామని డిసెంబరులో చెప్పారు. పక్కరాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. తెలంగాణలో వీలే కాదన్న విలీనానికి 2023 ఆగస్టులో అదే ప్రభుత్వం శాసనసభలో బిల్లు ఆమోదింపజేసింది. ఓడిపోయిందనుకున్న సమ్మె అడిగిన మాట నాలుగేళ్లకు చట్టమైంది. గేటు ముందు నిలబడి అది చూడకుండానే పోయినవాళ్లు ఉన్నారు.

ఇంకొక గేటు సంగతి చెప్తాను, దానికి ఇనుప తలుపులు కూడా ఉండవు. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మెకు దిగారు. లక్షమందికి పైగా ఆడవాళ్లు. అప్పట్లో కార్యకర్తకు నెలకు 11,500, ఆయాకు 7,000 రూపాయల గౌరవవేతనం. తెలంగాణ కన్నా ఎక్కువ ఇస్తామన్న మాట నిలబెట్టుకోండి, గ్రాట్యుటీ ఇవ్వండి అని అడిగారు. గ్రాట్యుటీకి వాళ్లు అర్హులేనని సుప్రీంకోర్టు 2022లో తీర్పు చెప్పింది కూడా. సెంటర్లకు తాళాలు వేసి శిబిరాల్లో కూర్చుంటే, ఆ తాళాలు పగలగొట్టి సెంటర్లు తెరవమని గ్రామ సచివాలయం సిబ్బందిని పంపారు.

ఈ సందర్భం నన్ను చాలా కలవరపెట్టింది. లండనులో పోస్టుమన్లకు ఆ ఆడవాళ్లు పరాయివాళ్లు. ఇక్కడ తాళం వేసినావిడా, పగలగొట్టడానికి వచ్చినావిడా ఒకే ఊరివాళ్లు. ఒకరి బిడ్డకు ఇంకొకరు గుడ్డు, పాలు ఇచ్చి ఉంటారు. అక్కా అని పిలిచే మనిషి తాళాన్ని సుత్తితో కొట్టాలి. కొట్టకపోతే తన ఉద్యోగానికి ఎసరు. సమ్మె విరిచే పనిని ఇంత చిన్న జీతగాళ్లకే ఎప్పుడూ అప్పగిస్తారు. జనవరి 6న, అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టాన్ని ప్రయోగించారు. 42 రోజుల తరవాత చర్చల్లో కొన్ని డిమాండ్లు ఒప్పుకుంటే సమ్మె ముగిసింది. వాళ్లు ఊళ్లకు తిరిగి వెళ్లాక ఆ ఇద్దరు ఆడవాళ్లు మళ్లీ ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి కదా. ఆ సంగతి ఏ ఉత్తర్వులోనూ ఉండదు.

ఇంతకీ సమ్మె గురించి చట్టం ఏమంటుంది? సమ్మె మన రాజ్యాంగంలో ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 1962లోనే చెప్పింది. 2003లో ప్రభుత్వోద్యోగుల విషయంలో ఇంకా గట్టిగా చెప్పింది. మరోవైపు 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం సమ్మెను ఒక పద్ధతిలో గుర్తించింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, ప్రజావసర సేవలే కాదు, ఏ సంస్థలోనైనా 14 రోజుల ముందు నోటీసు ఇవ్వనిదే సమ్మె చేయకూడదు. సగంమంది లేదా అంతకు పైగా మూకుమ్మడిగా సెలవు పెడితే అదీ సమ్మె కిందే లెక్క. రాజీ చర్చలు మొదలైతే ఆ కాలంలోనూ చేయకూడదు. ఇది సమ్మెకు వీల్లేకుండా చేయడమేనని సంఘాలు అంటున్నాయి. వాళ్ల భయంలో నిజం ఉందని నా అభిప్రాయం. నోటీసు అందగానే రాజీ చర్చ మొదలుపెట్టి, దాన్ని సాగదీస్తూ పోతే, చట్టబద్ధంగా సమ్మె చేసే రోజు ఎప్పటికీ రాకపోవచ్చు.

ఆ 14 రోజులు ఉన్నంతకాలం వాటిని మనకోసం వాడమని సంఘాలనూ యాజమాన్యాలనూ అడుగుతున్నాను. ఆర్టీసీ అయితే ప్రతి బస్టాండులో, ఆస్పత్రి అయితే ఓపీ చీటీలు రాసే కిటికీ పక్కన, అంగన్‌వాడీ అయితే సెంటరు గోడ మీద ఒక బోర్డు పెట్టండి. ఎడమవైపు కార్మికులు ఏమడుగుతున్నారో, ఇప్పుడు జీతం ఎంతో, ఎన్నాళ్ల కిందట ఏ మాట ఇచ్చారో రాయండి. కుడివైపు యాజమాన్యం జవాబు రాయండి. ఇవ్వలేమంటే ఎందుకు ఇవ్వలేమో అంకెలతో రాయండి. కుడివైపు ఖాళీగా ఉంటే ఖాళీగానే ఉండనివ్వండి, ఎన్ని రోజులుగా ఖాళీగా ఉందో ప్రయాణికులు తామే లెక్కపెట్టుకుంటారు. సమ్మె రోజున గేటు దగ్గరికి వచ్చినవాళ్లు అప్పటికే ఆ బోర్డు చదివి ఉంటారు. అక్కడ నిలబడ్డ కండక్టరమ్మ గొంతు చించుకుని మొదటినుంచీ చెప్పుకోనక్కర్లేదు. వస్తున్నవాళ్లు సంగతి తెలిసి ఆగుతారు, లేకపోతే తెలిసే లోపలికి పోతారు.